టండ్రా తెలుసు, హాస్టల్ వెనక కంచ తెలీదు

పోయిన సెమిస్టర్‌లో మా టీమ్ ఈవీఎస్ ప్రాజెక్టుకి 20కి 18 మార్కులొచ్చాయి. ఆ 18 మార్కులు తలుచుకుంటే నాకు ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటోంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ, పేజీలకు పేజీలు తెలుగు రాయడం ఈ క్లబ్‌లో చేరాకే మొదలైంది. ఒత్తులు, పొల్లులు తేడా వస్తే మన ఎడిటర్లు దిద్దుతారన్న ధైర్యంతో రాసేస్తున్నా.

ఈవీఎస్ అంటే మనందరికీ తెలిసిందే. క్రెడిట్లు లేవు. పాసైతే చాలు. ఆ క్లాస్‌లో వెనక బెంచీల్లో లీట్‌కోడ్ చేసుకునేవాళ్లు, ముందు బెంచీల్లో నిద్రపోయేవాళ్లు. అలాంటి సబ్జెక్టులో మేడమ్ ఒక గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చారు. టాపిక్ 'ప్రపంచ బయోమ్‌లు'. బయోమ్ అంటే ఒకే రకం వాతావరణం, దానికి తగ్గ చెట్టూ చేమా, జంతువులూ ఉండే పెద్ద ప్రాంతం. మా టీమ్‌లో ఆరుగురం. బయోమ్‌లూ సరిగ్గా ఆరు తేలాయి: టండ్రా, టైగా, సమశీతోష్ణ అడవులు, గడ్డిభూములు, ఎడారులు, వర్షారణ్యాలు. తలా ఒకటి. వాట్సాప్ గ్రూప్ పెట్టిన ఐదు నిమిషాల్లో పంపకాలైపోయాయి. ఇంత సాఫీగా మా ఇంట్లో బిర్యానీ కూడా పంచుకోలేదు ఎప్పుడూ.

నేను టీమ్ లీడర్ని. టండ్రా నాది. సబ్మిషన్ ముందు రోజు రాత్రి పదకొండుకి మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించా. చాట్‌జీపీటీ రాసింది, నేను ఫాంట్ మార్చా. అందానికి ఆర్కిటిక్ టండ్రా స్లైడ్‌లో ఒక పెంగ్విన్ ఫొటో పెట్టా. ఆర్కిటిక్‌లో పెంగ్విన్లు ఉండవు. అవి భూమికి అవతలి కొసన, అంటార్కిటికా వైపు ఉంటాయి. పోయిన రెండు మార్కులు ఆ పెంగ్విన్‌వే. కానీ నా అసలు తప్పు పెంగ్విన్ కాదు.

గడ్డిభూములు మా టీమ్‌లో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ఫ్రెండ్‌కి వచ్చాయి. వాడు పెద్దగా మాట్లాడడు. వాడు పంపిన స్లైడ్లు నాలుగు. మొదటి రెండూ అందరూ పెట్టేవే, అమెరికా ప్రెయిరీలు, రష్యా స్టెప్పీలు. మూడూ నాలుగూ మాత్రం వాడు ఫోన్‌తో తీసిన ఫొటోలు. మా హాస్టల్ వెనక ప్రహరీ అవతల ఉన్న ఖాళీ జాగా. ఎండిన గడ్డి, అక్కడక్కడా తుమ్మ, రేగు, తంగేడు, మధ్యలో ఒక గొర్రెల మంద. పైన 'ఇది కూడా గడ్డిభూమే' అని రాశాడు. కింద ఏ గడ్డి గొర్రెలు ఇష్టంగా తింటాయి, ఏది ముట్టుకోవు, ఏ నెలలో మంద ఎటు పోతుంది అని ఒక చిన్న టేబుల్.

నేను అడిగిన ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బాగుంది బ్రో, కానీ దీనికి సోర్స్ ఏది?"

"సోర్స్ ఏంది రా, మా నాయినకు ఫోన్ చేసి అడిగిన" అన్నాడు.

అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. నేను ఆ రెండు స్లైడ్లు తీసేసి సెరెంగెటి ఫొటో పెట్టా. ఒక సింహం, రెండు జిరాఫీలు. ప్రెజెంటేషన్ రోజు వాడు సెరెంగెటి గురించి రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. పెంగ్విన్ మీద రెండు మార్కులు పోయాయి కానీ, వాడి టేబుల్ తీసేసినందుకు ఒక్క మార్కు కూడా పోలేదు. ఆ టేబుల్ ఒకటి ఉండేదని మా ఆరుగురికి తప్ప ఎవరికీ తెలీదు.

ఇది జరిగిన కొన్ని వారాలకే ఆ ఖాళీ జాగాలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. బ్యానర్ మీద 'బంజరును పచ్చగా మారుద్దాం' అని ఉంది. నేనూ వెళ్లా. జేసీబీ ముందు రోజే వచ్చి గడ్డినంతా చెక్కేసి వరసగా గుంతలు తీసింది. మనం మొక్క పెట్టాం, నీళ్లు పోశాం, సెల్ఫీ దిగాం. నా సెల్ఫీకి మంచి లైక్‌లే వచ్చాయి. మా ఫ్రెండ్ గుంత దగ్గర నిలబడి ఒకటే మాట అన్నాడు: "చెట్లు పెడుతున్నరు, మంచిదే. మరి గడ్డి యాడికి పోవాలె?"

జోక్ అనుకున్నా. ఎండలు ముదిరేసరికి చాలా మొక్కలు ఎండిపోయాయి. గడ్డి ఎలాగూ లేదు. రోజూ సాయంత్రం మా కిటికీలోంచి కనబడే మంద కూడా రావడం మానేసింది. ఖాళీ గుంతలు మాత్రం మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా వాడి ప్రశ్న గుర్తొచ్చేది. ఏదో ఒక రోజు ఇక ఆగలేక చదవడం మొదలుపెట్టా. మార్కులు వచ్చేశాక చేసిన మొదటి రీసెర్చ్ అది.

మనం కంప్యూటర్ సైన్స్ వాళ్లం కాబట్టి మన భాషలోనే చెప్తా. బయోమ్‌లు అంటే ఒక క్లాసిఫికేషన్ ప్రాబ్లమ్. రాబర్ట్ విట్టేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గీసిన గ్రాఫ్ ఒకటి ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఒక వైపు సగటు ఉష్ణోగ్రత, ఇంకో వైపు ఏడాది వర్షపాతం. రెండే ఫీచర్లు. ఆ రెండు అంకెలు ఇస్తే నీది ఎడారో, వర్షారణ్యమో, టండ్రానో చెప్పేస్తుంది. చాలా అందమైన మోడల్. మేమూ మా రెండో స్లైడ్‌లో అదే పెట్టాం. ఎవరూ దాన్ని నిమిషం పాటు కూడా చూడలేదు.

చూసుంటే ఒక విషయం తెలిసేది. ఆ గ్రాఫ్ మధ్యలో విట్టేకరే ఒక చుక్కల గీత గీశాడు. ఆ గీత లోపల వాన, వేడి చూసి ఏ బయోమో చెప్పలేం అని దానర్థం. అదే వాన, అదే వేడి ఉన్నా ఒక చోట అడవి ఉండొచ్చు, పక్కనే గడ్డీ చెట్లూ కలిసిన సవన్నా ఉండొచ్చు. తేల్చేవి వేరే ఉన్నాయి: నేల, నిప్పు, మేసే జంతువులు. గడ్డి ఎండాకాలం చచ్చిపోదు. పైన ఎండిపోతుంది, కింద వేళ్లు బతికే ఉంటాయి. నిప్పు అంటుకుంటే పైన గడ్డి కాలిపోతుంది, లేత చెట్లు చచ్చిపోతాయి, తొలకరికి గడ్డి మాత్రం మళ్లీ లేస్తుంది. అంటే మనం పాడైపోయిన అడవి అనుకునేది చాలా చోట్ల అసలు అడవే కాదు. అది వేల ఏళ్లుగా గడ్డిభూమిగానే ఉన్న గడ్డిభూమి. దానిలో చెట్లు కిక్కిరిసేలా నాటడమంటే బాగుచేయడం కాదు, ఒక బయోమ్‌ని తీసేసి ఇంకో బయోమ్ పెట్టాలని చూడడం.

ఇంకొకటి. 2001లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి ప్రపంచ భూభాగం మొత్తాన్ని 14 బయోమ్‌లుగా, వాటి లోపల 867 ఎకోరీజియన్లుగా విడగొట్టి ఒక మ్యాప్ వేశారు. ఆ 867లో 'దక్కన్ ముళ్లపొద అడవులు' అని ఒకటి ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల మీదుగా పరుచుకుని ఉంటుంది. వాళ్ల లెక్కలో అది ఎడారులు, పొడి పొదనేలల బయోమ్ కిందికొస్తుంది. ఇండియాలో మరికొందరు శాస్త్రవేత్తలు కాదు, ఇలాంటి చాలా నేలల్ని సవన్నా అనాలి అంటారు. ఎవరిది కరెక్టో చెప్పేంత చదువు నాకు లేదు. కానీ మా హాస్టల్ వెనక జాగాకి ప్రపంచ పటంలో ఒక పేరుంది, దాని మీద ఒక చర్చ నడుస్తోంది అన్న విషయం నాకు కొత్త. ప్రపంచ బయోమ్‌ల మీద ఆరుగురం కలిసి ఇరవై నాలుగు స్లైడ్లు చేశాం. మేం నిలబడ్డ బయోమ్ మాత్రం అందులో లేదు. ఉన్న రెండు స్లైడ్లు నేనే తీసేశా.

ఇక బంజరు సంగతి. బ్రిటిష్ వాళ్ల కాలంలో భూమిని శిస్తు లెక్కన చూశారు. పన్ను రాని నేల వాళ్ల దృష్టిలో వేస్ట్. ఆ మాట ఇప్పటికీ వదల్లేదు. దేశంలోని బంజరు భూములన్నిటికీ శాటిలైట్ చిత్రాలతో ఒక అట్లాస్ ఉంది. అది తయారవడంలో ముఖ్య పాత్ర మన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌ది. 2019లో వచ్చిన అట్లాస్ ప్రకారం దేశ భూభాగంలో దాదాపు 17 శాతం బంజరే. మంచు కప్పేసిన కొండలు, ఇసుక దిబ్బలు, గనుల గుంతలతో పాటు పొదలున్న నేల కూడా ఆ జాబితాలో ఒక రకం. శాటిలైట్ తప్పు చూడలేదు. పొదల్ని పొదలుగానే గుర్తుపట్టింది. ఆ కాలమ్‌కి మనుషులు పెట్టిన హెడ్డింగ్ దగ్గరే ఉంది తిరకాసంతా. మెషిన్ లెర్నింగ్ క్లాస్‌లో మనకి మొదటి వారమే చెప్పారు కదా, లేబుల్ తప్పయితే మోడల్ ఎంత మంచిదైనా తప్పే చెప్తుందని. బంజరు అనే లేబుల్ తగిలించాక ఆ నేల మీద ఏం చేసినా మంచి పనిలాగే కనిపిస్తుంది. మొక్కలు నాటినా, సోలార్ పలకలు పరిచినా, బిల్డింగ్ కట్టినా.

2025లో కంచ గచ్చిబౌలి గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, మనందరం రీల్స్‌లో చూశాం. అప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో వాదన ఎక్కువగా ఒకటే: అది అడవా, కాదా? అడవి అయితే కాపాడాలి, కాకపోతే లేదు అన్నట్టు. ఆ పేరులోనే కంచ అన్న మాట ఉంది. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే గడ్డినేల. ఊరి పేరే సమాధానం చెప్తుంటే మనం వేరే ప్రశ్న అడుగుతున్నాం. నాకూ ఆ మాట అర్థం అప్పుడు తెలీదు. ఫెన్సింగ్ అనుకున్నా.

పొదనేలలో ఏముంటుందిలే అనుకునేవాళ్ల కోసం కడప జిల్లా కథ ఒకటి. కలివికోడి అని ఒక పిట్ట ఉంది. ఇంగ్లీషులో దానికి థామస్ జెర్డన్ అనే ఆయన పేరు పెట్టారు. 1848లో అది సైన్స్‌కి తెలిసింది ఆయన ద్వారానే. 1900 తర్వాత అది ఎవరి లెక్కల్లోనూ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. 1986 జనవరిలో దాన్ని మళ్లీ పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక పిట్టల వేటగాడు, రాత్రిపూట టార్చిలైటు వేసుకుని. పుస్తకాల్లో ఎనభై ఏళ్లకు పైగా లేని పిట్టకి ఊళ్లో పేరు మాత్రం ఉంది. తర్వాత దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగు గంగ కాలువ దారిని కూడా కొంత మార్చాల్సి వచ్చింది.

ఆ పిట్టకి కావలసింది దట్టమైన అడవి కాదు. పొదలు, పొదల మధ్య ఖాళీ నేల. పొదలు మరీ చిక్కబడినా అది ఉండలేదు, నరికేసి మరీ పలచన చేసినా ఉండలేదు. మనం చూసి ఇక్కడేం లేదు అనుకునే ఆ ఖాళీయే దాని ఇల్లు. బట్టమేక పిట్ట కథా ఇలాంటిదే. కర్నూలు వైపు రోళ్లపాడులో దాని కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఒకప్పుడు పొలాల గట్ల దాకా వచ్చి తిరిగిన పిట్ట. ఇప్పుడు దేశం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగేవి రెండు వందలు కూడా ఉండవని అంచనా. అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. పులి కోసం అడవిని కాపాడాలని మనకి చిన్నప్పుడే నేర్పారు. బట్టమేక కోసం గడ్డిని కాపాడాలని ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ మన క్లబ్‌కి సంబంధించిన విషయం ఒకటుంది. నా స్లైడ్లలోని మాటలు ఎక్కడివో వెతికా. టండ్రా అనేది ఉత్తరాన ఉండే సామీ జనం మాటలోంచి రష్యన్ మీదుగా వచ్చింది. టైగా, స్టెప్పీ రష్యన్ వైపు నుంచి వచ్చాయి. ప్రెయిరీ ఫ్రెంచి మాట. పంపా దక్షిణ అమెరికాలోని కెచువా వాళ్లది. సవన్నా కరీబియన్ దీవుల టైనో జనానిది. అంటే మనం సైన్స్ పదాలు అని బట్టీ పట్టినవన్నీ ఎవరో ఒకరు ఇంటి ముందు నేలని చూపిస్తూ అన్న మాటలే. ఆ భాషల్లో అవి మా ఫ్రెండ్ నోట్లో కంచ ఎలాంటిదో అలాంటివే.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది జంగిల్ అన్న మాట. అది సంస్కృతంలోని జాంగలం నుంచి వచ్చింది. పాత ఆయుర్వేద గ్రంథాల్లో నేలని మూడు రకాలుగా చెప్పారు: నీరు నిలిచే ఆనూపం, పొడిగా ఉండే జాంగలం, రెండూ కలిసిన సాధారణం. జాంగలం అంటే చెట్లు పలచగా ఉండి, గాలీ వెలుతురూ ఆడే పొడినేల. అంటే దాదాపుగా మా హాస్టల్ వెనక జాగా. ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి, చీకటిగా ఉండే దట్టమైన అడవి అనే పూర్తి వ్యతిరేక అర్థంతో మన దగ్గరికి తిరిగొచ్చింది. మన మాట, మన నేల, అర్థం మాత్రం తలకిందులు.

తెలుగు మాటలు బయటికి పోలేదా అంటే పోయాయి. నల్లరేగడి నేలని సాయిల్ సైన్స్ పుస్తకాల్లో రేగుర్ అంటారు. అది మన రేగడే. పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. కాబట్టి కంచ, బీడు, చిట్టడవి, మడ అడవి అనే మాటలు పల్లెటూరి మాటలు, సైన్స్‌కి పనికిరావు అనుకోవడానికి కారణం ఏమీ లేదు. నాకు ఇంగ్లీషులో గ్రాస్‌ల్యాండ్, స్క్రబ్, వేస్ట్‌ల్యాండ్ అనే మూడు మాటలు తెలుసు. మావాడికి తెలుగులో ఒక్క గడ్డికే డజను పేర్లు తెలుసు. మా ఇద్దరిలో ఎవరి డేటా రిజల్యూషన్ ఎక్కువ?

ఇప్పుడు అసలు నా అభిప్రాయం. బయోమ్ ప్రాజెక్ట్ వద్దు అని నేను అనడం లేదు. మనం చేసే పద్ధతే తప్పు. ఆరు బయోమ్‌లని ఆరుగురికి పంచడంలోనే అది చచ్చిపోయింది. బయోమ్ అంటేనే వానకీ నేలకీ, గడ్డికీ గొర్రెకీ, నిప్పుకీ చెట్టుకీ ఉన్న సంబంధం. మనం ఆ సంబంధాన్నే తెంపి, తలా ఒక ముక్క తీసుకుని, చివర్లో ఒకే థీమ్ కలర్ వేసి గ్రూప్ వర్క్ అంటున్నాం. మా టీమ్‌లో టైగా చేసినవాడికి టండ్రా గురించి ఒక్క ముక్క తెలీదు. నిజం చెప్పాలంటే టండ్రా చేసిన నాకూ తెలీదు.

ఇంకో విషయం తెలిస్తే మీరూ ఆశ్చర్యపోతారు. ఈ సబ్జెక్ట్ మనకి రావడానికి కారణం సుప్రీం కోర్టు. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో కోర్టు పర్యావరణాన్ని చదువులో తప్పనిసరి చేయమంది. తర్వాత యూజీసీ డిగ్రీ కోర్సులన్నిటి కోసం ఒక సిలబస్ తయారుచేసింది. అందులో 50 లెక్చర్లు ఉంటే, చివరి యూనిట్‌లో 5 లెక్చర్ల సమయం ఫీల్డ్ వర్క్‌కే. దగ్గర్లోని నదో, అడవో, గడ్డిభూమో, కొండో చూసి రాయమన్నారు. గడ్డిభూమి అనే మాట అందులో ఉంది! మావాడు చేసింది సిలబస్‌లో ఉన్నదే. నేను కట్ చేసింది సిలబస్‌నే. గూగుల్ చేసి, కాపీ కొట్టి, అప్‌లోడ్ చేయడం మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు.

దీనికి మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు, ఎందుకంటే నేనే వాటిని చెప్పేవాడిని.

ఒకటి, టైమ్ లేదు. ల్యాబ్ రికార్డులు, ఇంటర్నల్స్, కోడింగ్ కాంటెస్టులు. నిజమే. కానీ హాస్టల్ వెనక్కి నడిచి వెళ్లడానికి నాకు పట్టేది ఆరు నిమిషాలు. ఫాంట్ ఏది పెట్టాలని మేం గ్రూప్‌లో కొట్టుకున్నది నలభై నిమిషాలు.

రెండు, మన ఊరి గడ్డి తెలుసుకుంటే ప్రపంచం తెలియకుండా పోతుంది కదా. పోదు. టండ్రా కింద ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలలో దాగి ఉన్న కార్బన్, ఇప్పుడు గాలిలో ఉన్న కార్బన్‌కి దాదాపు రెట్టింపు. ఆ నేల కరిగితే దాని వేడి పాలమూరుకీ తగులుతుంది. కాబట్టి టండ్రా తెలియాలి. కానీ ఒక నేలని కళ్లతో చూసినవాడికే ఇంకో నేల గురించి చదివితే అర్థమవుతుంది. సెరెంగెటి మధ్యలో పడే వానకీ పాలమూరు వానకీ మరీ పెద్ద తేడా లేదు. మరి అక్కడ దాన్ని చూడ్డానికి విమానాల్లో వస్తారు, ఇక్కడ బంజరు అంటారు, ఎందుకని? ఇలాంటి ప్రశ్న సింహం ఫొటో చూస్తే రాదు. రెండిటినీ పక్కపక్కన పెడితేనే వస్తుంది.

మూడు, మా నాయిన చెప్పాడు అనేది సోర్స్ అవుతుందా. ఈ ప్రశ్న మంచిదే. నా తప్పు ఆ ప్రశ్న అడగడం కాదు, సమాధానం కోసం ఆగకపోవడం. పెద్దవాళ్లు చెప్పిందంతా వేదం కాదు. మావాడి నాయిన ఎండాకాలం గడ్డికి నిప్పు పెడితే మంచిదంటాడు. అది కొంతవరకే నిజం. ఏటేటా పెడితే నేల పాడవుతుంది, గూళ్లు కాలిపోతాయి. కానీ వికీపీడియాని చెక్ చేసినట్టే ఆయన్నీ చెక్ చేయొచ్చు. చెప్పినవారు, ఊరు, తేదీ రాసుకుని, ఇంకో ఇద్దర్ని అడిగి సరిచూస్తే అది కూడా డేటానే. చాట్‌జీపీటీని సోర్స్ ఏదని అడగని నేను, నలభై ఏళ్లు గొర్లు కాసిన మనిషిని అడిగా. అదీ నా సిగ్గు.

నాలుగు, ఊళ్లకి కాలేజీలు వద్దా, బిల్డింగులు వద్దా. కావాలి. నేను నిద్రపోతున్న హాస్టలే ఒకప్పటి కంచ మీద ఉంది. అంతా ఆపేయమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఒకదాన్ని తీసేసేముందు అక్కడ ఏముందో తెలిసి తీయడం వేరు, ఏమీ లేదనుకుని తీయడం వేరు.

అందుకే వచ్చే బ్యాచ్‌కి నా సలహా ఇది. బయోమ్‌లని పంచుకోకండి, ప్రశ్నలని పంచుకోండి. టీమ్ మొత్తానికి ఒకటే నేల, క్యాంపస్ పక్కది. ఒకరు వాన, ఎండ లెక్కలు చూడండి. మండలాల వారీగా వర్షపాతం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒకరు మట్టి. ఒకరు గడ్డి, పొదలు, చెట్లు, తెలుగు పేర్లతో సహా. ఒకరు పిట్టలు, పురుగులు. ఒకరు ఆ నేలని వాడుకునే మనుషులు: మంద తోలేవాళ్లు, రేగుపండ్లు ఏరేవాళ్లు, కట్టెలకి వచ్చేవాళ్లు. పంట కోశాక రైతులు పొలంలో మంద పెట్టించుకుంటారు, ఆ ఎరువు లెక్క కూడా అడగండి. ఆరోవారు పాత శాటిలైట్ చిత్రాలు తీసి పదేళ్లలో ఏం మారిందో చూడండి. సర్కారు తుమ్మ ఎంత కమ్మేసిందో అక్కడే తెలుస్తుంది. అది మెక్సికో వైపు నుంచి వచ్చి మన గడ్డిని మింగేస్తున్న చెట్టు. పచ్చగా ఉన్నదల్లా మంచిది కాదని దాన్ని చూస్తే అర్థమవుతుంది. చివర్లో అందరూ కూర్చుని, ప్రపంచంలో ఇదే వాన, ఇదే వేడి ఉన్న ఇంకో చోటు వెతికి పోల్చండి. అప్పుడు సెరెంగెటి పెట్టండి, సింహంతో సహా.

మొక్కలు నాటే కార్యక్రమం పెట్టేవాళ్లకి కూడా ఒక విన్నపం. నాటకండి అనడం లేదు. రోడ్డు పక్కన, గ్రౌండ్ చుట్టూ, మెస్ దగ్గర నీడ లేదు, అక్కడ నాటుదాం. మంద వచ్చే చోట జేసీబీ పెట్టేముందు మాత్రం ఒక్కసారి ఎవరినైనా అడుగుదాం.

మొన్న ఒక సాయంత్రం మావాడితో కలిసి ప్రహరీ దాటి వెళ్లా. గుంతలు లేని చోట గడ్డి మళ్లీ లేస్తోంది. వాడు చూపిస్తూ పేర్లు చెప్పాడు, నేను ఫోన్‌లో తెలుగులో టైప్ చేసుకున్నా. తొమ్మిది పేర్లు రాసేసరికి చీకటి పడింది. రెండు పేర్లకి స్పెల్లింగ్ వాడికీ తెలీదు, నాకూ తెలీదు. వాళ్ల నాయినకి ఫోన్ చేశాడు. ఆయన చదువుకోలేదు, స్పెల్లింగ్ చెప్పలేడు. ఫోన్‌లోనే మెల్లగా, విడివిడిగా పలికి వినిపించాడు. మేం విని రాసుకున్నాం.

డిలీట్ చేసిన ఆ రెండు స్లైడ్లు వాడి దగ్గర ఇంకా ఉన్నాయట. వచ్చే సంచికకి వాటిని వాడి పేరుతోనే పంపమని అడిగా. చూద్దాం అన్నాడు. ఈసారి నేను సోర్స్ అడగను. సోర్స్ దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్లమని అడుగుతా.